దోస్తు రద్దు, బడ్డీ నియామకం

తెలుగు రాష్ట్రాల విద్యావ్యవస్థలో ఏ ఉత్తర్వులోనూ కనిపించకపోయినా అందరూ శిరసావహించే సిద్ధాంతం ఒకటి ఉంది. స్నేహం చదువుకు శత్రువని, పిల్లవాడు పై తరగతికి వెళ్లేకొద్దీ వాడి పక్కన కూర్చున్నవాణ్ని తొలగిస్తూ పోతే చివరకు ర్యాంకు మాత్రమే మిగులుతుందని దాని సారాంశం. ఇంతటి సిద్ధాంతానికి ఇప్పటిదాకా ఎవరూ నామకరణం చేయలేదు గనుక దీన్ని సహవాస నివారణ సిద్ధాంతం అనుకోవచ్చు. చెడు సహవాసం వద్దని పూర్వం పెద్దలు చెప్పేవారు. సహవాసమే వద్దనడం ఈ సిద్ధాంతకర్తలు ఆ రంగానికి చేసిన అదనపు కృషి. వీరి ప్రతిభ అంతటితో ఆగలేదు. ఉన్న దోస్తును ఊడబెరికిన చోటనే, 'బడ్డీ' అనే పేరుతో మరొకరిని నియమించే ఏర్పాటు కూడా వీరే చేశారు. బడ్డీ అంటే కొత్తగా చేరిన విద్యార్థికి బడి యాజమాన్యం కేటాయించే అధికారిక మిత్రుడు.

ఈ సిద్ధాంతం ఎంత చక్కగా పనిచేస్తుందో చూడదలచినవారికి హైదరాబాద్ పాతబస్తీకి మించిన ప్రయోగశాల దొరకదు. మూసీకి దక్షిణాన చార్మినార్ చుట్టూ అల్లుకున్న శాలిబండ, మొగల్‌పురా, యాకుత్‌పురా, గౌలిపురా, ఉప్పుగూడ వంటి బస్తీలలో ఒకే గల్లీ పిల్లలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల బడులకు చీలి వెళ్లినా, సాయంత్రానికి ఒకే దక్కనీ యాసలో కొట్లాడుకుని, అదే యాసలో రాజీపడతారు. ఇక్కడి పిల్లల చదువు ఒక గేటులో మొదలై అదే గేటులో ముగియడం అరుదు. సర్కారు ప్రాథమిక పాఠశాల అయిదో తరగతితోనూ, ప్రాథమికోన్నత పాఠశాల ఏడు లేదా ఎనిమిదో తరగతితోనూ, హైస్కూలు పదితోనూ ఆగిపోతాయి. ఆ తరువాత ఇంటర్మీడియట్ కోసం జూనియర్ కాలేజీ అనే వేరే ప్రపంచానికి వెళ్లాలి. పదహారేళ్లు నిండేలోగా రెండు మూడు సార్లు బడి మారడం ఇక్కడ మామూలు సంగతి, కాబట్టి దాని గురించి ఆలోచించడం అనవసరమని అధికార వర్గాలకు తోచడం కూడా మామూలు సంగతే.

చట్టం ఆలోచించలేదని అనడానికి మాత్రం వీల్లేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద రూపొందిన నియమావళి, ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఒక కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలని చెప్పింది. పదేళ్ల పిల్ల జూన్ మాసంలో ఒక్కసారిగా మూడింతలు నడవగల శక్తిని సంపాదిస్తుందన్నది ఈ లెక్క వెనుక ఉన్న జీవశాస్త్రం. అయితే పాతబస్తీలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరన్న సంగతి నియమాలు రాసినవారి దృష్టికి వచ్చినట్టు లేదు. నలుగురు ఆడపిల్లలు కలిసి వెళ్లే హైస్కూలు మూడు గల్లీల అవతల ఉన్నా ఇంట్లో పంపిస్తారు. ఒక్కతే వెళ్లవలసిన హైస్కూలు సందు మలుపులోనే ఉన్నా దూరమనే అంటారు. ఆ నలుగురిలో ఒకామె చదువు గాజుల పనికో, ఇంటిపనికో, పెళ్లి మాటలకో ఆగిపోతే మిగతా మూడు ఇళ్లలోనూ అదే రాత్రి చర్చ మొదలవుతుంది. తల్లిదండ్రులను ఒప్పించి బడి మానకుండా నిలబెట్టడంలో ఏ పథకమూ చేయలేని పని పక్కింటి దోస్తు చేస్తుంది. అందుకు ఆమెకు బడ్జెట్ కేటాయింపు గాని, వినియోగ ధ్రువపత్రం గాని అక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేకుండా పోయింది, అది నిజంగా మేలైన పనే. కానీ బస్సుకోసం ఆగే చోట పక్కన నిలబడే మనిషిని ప్రభుత్వం ఉచితంగా ఇవ్వలేదు.

బడి మారే సమయంలో విద్యార్థి వెంట వెళ్లే వస్తువు ఒకటే, అది టీసీ. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు, చదివిన తరగతి, ప్రవర్తన అన్నీ నమోదై ఉండే ఈ బదిలీ పత్రంలో ఆ విద్యార్థి ఎవరి పక్కన కూర్చునేదో, ఎవరు లేకపోతే బడికి రానని మొరాయించేదో రాయడానికి గడి లేదు. విద్యాహక్కు చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం ప్రధానోపాధ్యాయులు టీసీని వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. ఫీజు బకాయి తీరేదాకా టీసీని బందీగా ఉంచుకునే చిన్న ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ ఇంకా పరిచయం కావలసి ఉంది. ఈ మధ్య టీసీకి తోడు 12 అంకెల అపార్ సంఖ్య కూడా వచ్చింది. దేశంలో ఏ బడికి, ఏ కాలేజీకి వెళ్లినా విద్యార్థి చదువు వివరాలు వెంట వచ్చేలా 2023లో మొదలైన ఖాతా ఇది. జీవితాంతం విడిచిపోని నేస్తం కావాలని కోరుకున్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఆ విధంగా ఒక సంఖ్యను ప్రసాదించింది.

మారే పిల్లలను ఆదరించాలన్న ఆలోచన పై స్థాయిలో లేకపోలేదు. ఒకటో తరగతిలో చేరే ఆరేళ్ల పిల్లల కోసం 2021లో విద్యాప్రవేశ్ పేరుతో మూడు నెలల ఆటపాటల కార్యక్రమం వచ్చింది. డిగ్రీలో చేరే పద్దెనిమిదేళ్ల వారి కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో దీక్షారంభ్ అనే మార్గదర్శిక విడుదల చేసింది. కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక అధ్యాపకుణ్ని తోడిచ్చి, ఒకరితో ఒకరికి పరిచయాలు పెంచాలని అందులో వివరంగా ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులకైతే ఇది మూడు వారాల తంతు. ఆరేళ్లవారికి మూడు నెలలు, మీసాలు వచ్చినవారికి మూడు వారాలు కేటాయించిన ఈ ఉదారత, మధ్యలో ఆరో తరగతి గుమ్మం ముందు బిక్కుబిక్కుమంటూ నిలబడే పదకొండేళ్ల పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది. నిన్నటిదాకా బడి మొత్తానికీ పెద్దక్కగా చలామణి అయినామె నేడు బడి మొత్తానికీ చిన్నదై, ఒకే టీచరమ్మకు బదులు గంటకొకరు వచ్చిపోతుంటే, తాగునీటి కుళాయి ఎక్కడో అడగడానికి కూడా మొహమాటపడుతున్న ఆ జూన్ వారంలో ఆమెకు పరిచయ కార్యక్రమంగా లభించేది హాజరుపట్టీలో కొత్త నంబరు.

ఈ విషయంలో పరాయి దేశాల పరిశోధన ఏదైనా ఉందా అని అడిగేవారికి ఉందనే చెప్పాలి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి సిమన్స్, బ్లైత్ అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన గ్రంథం, ఏడో తరగతికి వేరే బడికి మారిన ఆడపిల్లలలో తమపై తమకున్న గౌరవం తగ్గిందని, ఎనిమిది దాకా ఒకే బడిలో కొనసాగినవారిలో అలా జరగలేదని చూపింది. ఇక్కడ మాత్రం ప్రయాణం ఎదురు దిశలో సాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో జీవో 117 ద్వారా మూడు, నాలుగు, అయిదు తరగతులను కూడా హైస్కూళ్లకు తరలించడం మొదలుపెట్టి, ఎనిమిదేళ్ల పిల్లలకే ఈ వియోగ శిక్షణను అందుబాటులోకి తెచ్చింది. తరువాతి ప్రభుత్వం ఆ ఏర్పాటును తీసేసింది గాని, మధ్యలో వచ్చి వెళ్లిన పిల్లల దోస్తులను తిరిగి తెప్పించే జీవో మాత్రం వెలువడలేదు.

ప్రైవేటు బడుల ఘనత వేరు. పాతబస్తీలోని మామూలు ఇళ్లలో నడిచే చవక ఫీజుల బడులు ప్రపంచ ప్రసిద్ధిని కూడా పొందాయి. బ్రిటిష్ ఆచార్యుడు జేమ్స్ టూలీ 2000లో వీటిని చూసి ముచ్చటపడి, 2009లో ప్రచురించిన పుస్తకంలో పేదల సొంత ఎంపికకు నిదర్శనంగా నిలబెట్టాడు. దాని మీద సాగిన వాదోపవాదాలన్నీ ఫీజు, ఫలితాల చుట్టూ తిరిగాయే తప్ప, ఒక ఏడాది ఒక బడి, మరుసటి ఏడాది మరో బడిగా ఎంపిక చేసుకుంటూ పోయే ఇంట్లో పిల్లవాడికి దోస్తులు ఏమవుతారన్న ప్రశ్న ఎవరినీ వేధించినట్టు కనబడదు. ఖరీదైన బడులు ఈ లోటును గుర్తించాయి. అక్కడ కొత్త విద్యార్థికి మొదటి వారమే బడ్డీ లభిస్తాడు. రోల్ నంబర్ల వరుసలో ఎంపికై, చొక్కాకు బ్యాడ్జీ తగిలించుకుని, లైబ్రరీ, ల్యాబు, మరుగుదొడ్డి చూపించి, కొత్తవాడితో ఇంగ్లిష్‌లోనే మాట్లాడే బాధ్యతను స్వీకరించే ఈ బడ్డీ పదవీకాలం సాధారణంగా రెండు వారాలు. దోస్తు అలిగినట్టు బడ్డీ అలగడు, టిఫిన్ డబ్బా లాక్కోడు, ఇంటికి వచ్చి అమ్మ చేతి బగారా అన్నం తిని వెళ్లడు. గడువు ముగియగానే బ్యాడ్జీ తిరిగి ఇచ్చేస్తాడు. చిన్నప్పటి నుంచి గల్లీలో కొట్లాడి సంపాదించుకునే సంబంధానికి ఇంత శుభ్రమైన ప్రత్యామ్నాయం కనుగొన్నందుకు ఆ బడులు వసూలు చేసే ఫీజు ఎక్కువని అనడం అన్యాయం.

సహవాస నివారణ సిద్ధాంతం సంపూర్ణ రూపం దాల్చేది మాత్రం ఇంటర్మీడియట్‌లోనే. ఇతర బోర్డుల బడులలో పన్నెండో తరగతి దాకా అదే ఆవరణలో చదవడానికి వీలుండగా, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడిన నాటి నుంచి తెలుగువారి పిల్లలు పదో తరగతి చివరి పరీక్ష రాసి, ఒకరి చొక్కా మీద ఒకరు ఇంకు చల్లుకుని, నెల తిరిగేలోగా ఎంపీసీకి ఒకరు, బైపీసీకి ఒకరు, సీఈసీకి ఒకరుగా విడిపోవడం ఆచారమైంది. ఇందులో చరిత్ర వేసిన చిన్న కొక్కిరింత కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియట్ తరగతులు పాతబస్తీలో 1921లో మొదలైనప్పుడు వాటిని పెట్టింది హైకోర్టు పక్కనున్న సిటీ హైస్కూల్లోనే. నేటి సిటీ కాలేజీ అలా పుట్టింది. అంటే నూరేళ్ల కిందట ఈ బస్తీలో చదువే విద్యార్థి ఉన్న చోటికి ఎదిగి వచ్చింది. నేటి విద్యార్థి చదువు కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకానో, నయాపుల్ దాటి అమీర్‌పేట దాకానో వెళ్లి, అక్కడ ఎవరికీ అర్థం కాని తన యాసను ముందు దాచుకుని ఆ తరువాత భౌతికశాస్త్రం మొదలుపెడతాడు.

కార్పొరేట్ కళాశాలలలో వారానికొక పరీక్ష ఉంటుంది. ఆ మార్కుల వరుసను బట్టి సెక్షన్లు మారిపోతాయి. సోమవారం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకడికి తెలిసిన లెక్కను మరొకడికి చెప్పుకున్న ఇద్దరు, పై వారానికి ఒకడు పై సెక్షన్‌లోనూ మరొకడు కింది సెక్షన్‌లోనూ తేలతారు. లెక్క చెప్పినవాడు పైకి వెళ్లడం ప్రతిభకు గుర్తింపు, వినేవాడు కిందికి దిగడం క్రమశిక్షణ. ఇలా చేస్తే పోటీతత్వం పెరుగుతుందని నిర్వాహకులు చెబుతారు. పక్కవాడి పేరు గుర్తుపెట్టుకునేలోగా పక్కవాడే మారిపోయే చోట మరేం పెరగడానికీ అవకాశం లేదు గనుక ఆ మాట నిజమే అయి ఉండాలి. హాస్టల్ పిల్లలకు ఫోన్ నిషేధం, ఆదివారం స్టడీ అవర్, కారిడార్‌లో గుమిగూడితే మందలింపు కూడా ఉంటాయి. తరువాత ఎవరైనా పిల్లవాడు ముభావంగా మారాడని తెలిస్తే నిపుణుణ్ని పిలిపించి, మనసులోని మాట స్నేహితులతో పంచుకోవాలని అందరికీ ఒక గంట ఉపన్యాసం ఇప్పిస్తారు.

దోస్తీ చదువుకు అడ్డమన్న ఈ సిద్ధాంతాన్ని దాని ప్రచారకులు సైతం ఏడాదిలో ఒక ఋతువులో పక్కన పెడతారు. అది సంక్రాంతి తరువాత, పదో తరగతి పరీక్షలకు ముందు, కాలేజీల పీఆర్వోలు, అంటే అడ్మిషన్లు పోగు చేయడానికి జీతం తీసుకునే ఉద్యోగులు, పాతబస్తీ గల్లీలలో ఇంటింటికీ తిరిగే కాలం. చాయ్ తాగి, ఫీజు చెప్పి, రాయితీ చెప్పి, లేవబోతూ వారు తల్లిని వినయంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అమ్మా, బాబు దోస్తులు ఇంకా ఎవరున్నారు? నంబర్లు చెప్పండి, అందరూ కలిసి చేరితే ఇంకొంచెం తగ్గిస్తాం." తల్లి సంతోషంగా నాలుగు నంబర్లు చెబుతుంది. జూన్‌లో ఆ నలుగురూ చేరతారు, నాలుగు సెక్షన్లలో.