నాలుగు కట్టలు

నల్లరేగడిలో దిగబడిన బండికి మొదటి శత్రువు డ్రైవరు కాలే. కంగారులో యాక్సిలరేటర్ తొక్కేస్తాడు. చక్రం గిర్రున తిరుగుతుంది, టైరు గాళ్ల నిండా బంకమట్టి పట్టేస్తుంది, ఆ తర్వాత దానికి పట్టు అనేది దొరకదు. పైగా ఇరుసులోని డిఫరెన్షియల్ జారే చక్రాన్నే తిప్పుతుంది, గట్టి నేల మీదున్న చక్రం ఊరికే నిలబడి ఉంటుంది. తొక్కిన కొద్దీ గొయ్యి లోతవుతుంది. బండి పొట్ట నేలకు ఆనిందా, ఇక ఇంజను ఎంత అరిచినా లాభం లేదు.

మా డొంకలో జీపు సరిగ్గా అలాగే దిగబడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వెళ్లిన కొద్ది రోజులకు పంట నష్టం రాసుకోవడానికి అధికారులు ఆ జీపులో వచ్చారు.

తుపాను సరిగ్గా వరి కోతల మీద వచ్చిపడింది. చేను నిలువునా పడిపోయినవాళ్లు కొందరు, కోసిన పనలు నీళ్లలో తేలినవాళ్లు కొందరు. మా బాబాయి రెండో రకం. ఎకరం కౌలు చేను, సాంబమసూరి. కోయించిన మర్నాడే ముసురు పట్టింది. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి చల్లితే గింజ మొలకెత్తకుండా ఆపవచ్చని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. బాబాయి అదీ చేశాడు. అప్పటికే ఆలస్యమైంది, కంకుల్లో తెల్లటి మొలకలు కనిపిస్తున్నాయి. అయినా ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిన్నీ ఆయనా మోకాలి లోతు నీళ్లలో దిగి పనలన్నీ కట్టలు కట్టి, ఒక్కొక్కటే మోసుకొచ్చి డొంక గట్టు మీద ఆరేశారు. తడిసిన వరికట్ట ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు. చేలో కొయ్యకాళ్లూ నీళ్లూ మిగిలాయి. పంటంతా గట్టు మీదే.

33 శాతం, అంతకు మించి నష్టపోయిన పంటకు పెట్టుబడి రాయితీ ఇస్తారు. అప్పటి విపత్తు సాయం లెక్కలో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి 7,000కు కాస్త తక్కువ. అది కౌలుకే చాలదు. కానీ అప్పిచ్చినవాడికి చూపించి మరో ఆరు నెలలు గడువు అడగడానికి పనికొస్తుంది. బాబాయికి కౌలు కార్డు ఉంది, పంట నమోదైంది. ఇక అధికారులు వచ్చి చూడటమే తరువాయి.

వాళ్లు వచ్చిన జీపు మా చేను దాకా వచ్చి కూరుకుపోయింది. డ్రైవరు తొక్కుతూనే ఉన్నాడు.

"తొక్కమాకండి బాబూ, ఆపండి!" అంటూ బాబాయి పరుగెత్తాడు. ముందు టైర్లలో కొంచెం గాలి తీయించాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా నేలకు ఆనుతుంది. పార తెప్పించి చక్రాల ముందు మట్టి చెక్కి వాలు చేశాడు. ఇక చక్రం కరుచుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మంచు దేశాల్లో టైర్లకు ఇనుప గొలుసులు చుడతారు, ఇసుక చల్లుతారు. మన ట్రాక్టర్లకు దమ్ము చక్రాలున్నాయి. మామూలు టైర్ల జీపుకు ఎండుగడ్డో కొబ్బరిమట్టలో వెయ్యాలి. కనుచూపు మేర నీళ్లే తప్ప ఎండు పరక లేదు. జీపులో ఉన్న రెండు గోతాలు వేస్తే చక్రం వాటిని వెనక్కి చిమ్మేసింది.

బాబాయి గట్టు వైపు చూశాడు.

"నాలుగు కట్టలు వేస్తే ఎక్కేస్తుంది సార్."

పెద్ద అధికారి వద్దన్నారు. "గింజతో ఉన్న పనలయ్యా అవి!"

"మొలకెత్తిన గింజ సార్. మిల్లువాడు ముట్టుకోడు. అవతలి చేలవాళ్లు పొద్దుట్నుంచి మీ కోసం కాసుకుని కూర్చున్నారు, ముందు అక్కడికి చేరండి."

నాలుగు కట్టలకే జీపు లేచింది. కానీ ముందంతా అదే బురద, ఆగితే మళ్లీ దిగబడుతుంది. బాబాయీ పిన్నీ నేనూ ముందు పరుస్తూ పోయాం, చక్రాల దారి వెంట రెండు వరసలు. పిన్ని మొదట్లో ప్రతి కట్టా విప్పి చూసి, మొలకలు తక్కువున్నవి పక్కన పెట్టింది. కాసేపటికి అవి కూడా ఇచ్చేసింది. మలుపు దాకా వచ్చేసరికి గట్టు ఖాళీ అయింది, జీపు గట్టినేల ఎక్కింది.

అధికారి దిగి వచ్చి బాబాయి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీది తిరిగొచ్చేటప్పుడు రాస్తాం పెద్దాయనా."

"మీరొచ్చేసరికి ట్రాక్టరు తెచ్చి పెడతా సార్, ఈసారి దిగబడనివ్వను."

పిన్ని గొడ్లకు నీళ్లు పెట్టడానికి ఇంటికి వెళ్లింది. మేమిద్దరం ఊళ్లో ట్రాక్టరు అడిగి తీసుకున్నాం. తారురోడ్డు పాడవుతుందని దమ్ము చక్రాలు ట్రక్కులో వేసుకొచ్చి, డొంక మొదట్లో బిగించాం. చేను దగ్గరికి చేరేసరికి జీపు వెళ్లిపోయింది. పనల మీదుగా ఎక్కడా జారకుండా పోయిందని, మా చేను దగ్గర ఆగి ఫొటో కూడా తీసుకున్నారని అవతలి రైతు చెప్పాడు. బాబాయి మనసు కుదుటపడింది.

తర్వాత జాబితాలు గోడకు అంటించారు. అవతలి రైతులందరి పేర్లూ మొదటి కాగితంలో ఉన్నాయి. బాబాయి పేరు రెండో కాగితంలో, అర్హత లేనివాళ్లలో ఉంది. పేరుకు ఎదురుగా ఇలా రాశారు: "కోత పూర్తయింది. చేలో గానీ గట్టు మీద గానీ పనలు లేవు. పంట తరలించుకున్నారు. నష్టం లేదు."

కింద సంతకం, ఆ రోజు బాబాయి చేతులు పట్టుకున్న అధికారిదే.