చేర్చు, మార్చు, చెరుపు, ఊరకుండు: మార్టూరు ప్రతికి టీకా తాత్పర్యం

అవతారిక. ఏజెంటు అనే కృత్రిమ మేధ గుమస్తా మనం చెప్పినవన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టుకుని, మర్నాడు పనిలోకి దిగే ముందు చదువుకుంటుంది. రాసుకున్నది తప్పైతే చేసే పనీ తప్పే. కనుక ఆ ఫైలు తెరిచి దిద్దే పనిముట్టు అవసరమైంది. కొత్త సంగతి వచ్చినప్పుడు పాత జ్ఞాపకాన్ని ఏం చేయాలన్న ప్రశ్నను 2025 నాటి మెమ్‌జీరో పరిశోధన పత్రం నాలుగు క్రియల్లో తేల్చేసింది. సూత్రకారులు పొదుపరులు. ఖర్చంతా వ్యాఖ్యాతలది.

మూలం. చేర్చుము, మార్చుము, చెరుపుము, కాదేని ఊరకుండుము.

ఉదాహరణ. మార్టూరు రైతు ఒకాయన ఏజెంటు ఫైల్లో ఇలా ఉందనుకుందాం: “యజమానిది మార్టూరు, ప్రకాశం జిల్లా. పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. యజమాని మిర్చి వేయడు.”

టీక. చేర్చుము: ఆగమం. ఉన్నవాటిని కదపకుండా పక్కన వచ్చి కూర్చుంటుంది కనుక దీంతో తగువు తక్కువ.

మార్చుము: ఆదేశం. ఉన్నదాన్ని లేవగొట్టి ఆ చోట తాను కూర్చొనుట. చిక్కంతా ఇక్కడే. మొదటి వాక్యం చూడండి. మార్టూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం పేరు వచ్చింది, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి సైతం 5 కాస్తా 16 అయింది. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. “ప్రకాశం కొట్టేసి బాపట్ల అని రాస్తే సరిపోదా?” అని పూర్వపక్షం. సరిపోదు. తాతగారి దస్తావేజులో గుంటూరు జిల్లా అని, నాన్నగారి దస్తావేజులో ప్రకాశం జిల్లా అని ఉంటాయి. బాపట్ల ఒక్కటే తెలిసిన ఏజెంటు ఆ రెండు కాగితాలూ వేరే ఊరివని తేల్చి పక్కన పడేయగలదు. కాబట్టి ఇక్కడ “ఎప్పటి నుంచి” అన్నది అధ్యాహార్యం. ధర సంగతీ అంతే. 7,521 అబద్ధమేమీ కాదు, 2024-25లో పొడవు పింజ పత్తికి అదే మద్దతు ధర. 2025-26లో 8,110. ఏ ఏటిదో రాయకపోవడమే దాని దోషం.

చెరుపుము: లోపం. 2023లో బర్క్‌లీ వాళ్లు చేసిన మెమ్‌జీపీటీ అనే జ్ఞాపక వ్యవస్థలో ముఖ్య జ్ఞాపకాన్ని చెరపడానికి వేరే క్రియ లేదు. మార్చే క్రియకే కొత్త మాట బదులు ఖాళీ అందిస్తే పాత మాట పోతుంది. లోపమంటే శూన్యం ఆదేశంగా రావడమేనని వాదించే వైయాకరణులకు ఇది పండగ. ఇంకో విశేషం: చాట్‌జీపీటీలో సంభాషణను తీసేసినా, దాన్నుంచి రాసుకున్న జ్ఞాపకం పోదు, దాన్ని విడిగా చెరపాలి. మూలం పోయినా టీక బతికే ఉంటుందన్నమాట. వ్యాఖ్యాతగా నాకు ముచ్చటగానే ఉంది, యజమానికి ఉండకపోవచ్చు.

ఇక “మిర్చి వేయడు.” ఈ వాక్యం ఎట్లా పుట్టింది? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసిన రోజులవి. గుంటూరు యార్డు నుంచి వచ్చి, “ఇంక మిర్చి జోలికి పోతే ఒట్టు” అన్నాడాయన. ఏజెంటు దాన్ని శాసనం చేసేసింది. (గ్రానైటు పలకలు కోసే ఊరు, రాతికి కొదవ లేదు.) జూలైకల్లా ఆయన తేజ రకం మిర్చి విత్తనం తెచ్చి నారు పోస్తాడు. ఏజెంటు మాత్రం మిర్చిని పట్టే తామర పురుగు గురించి ఒక్క ముక్కా చెప్పదు. ఏమయ్యా అంటే, “మీరు మిర్చి వేయరు కదండీ” అంటుంది. కొలిచాల మల్లినాథసూరి ఆధారం లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని ముందే మాటిచ్చుకుని వ్యాఖ్యానానికి దిగాడు. ఈ గుమస్తా చేత ఆ మాట తీసుకున్నవాడు లేడు. కోపంలో అన్నదాన్ని స్వభావంగా రాసుకోవడం మతిమరుపు కన్నా చేటు. మరిచినవాడైతే మళ్లీ అడుగుతాడు.

ప్రక్షిప్తాలు, అంటే వేరేవాళ్లు చొప్పించినవి. 2024లో యోహాన్ రేబర్గర్ అనే భద్రతా పరిశోధకుడు, బయటి పత్రంలో దాచిన ఆదేశాలతో చాట్‌జీపీటీకి దొంగ జ్ఞాపకాలు ఎక్కించవచ్చని చూపాడు. యజమాని వయసు 102 ఏళ్లని అది నమ్మేసింది. ప్రక్షిప్త శ్లోకాన్ని పండితులు శైలిని బట్టి పడతారు. ఇక్కడ ఆ వీలు లేదు, అన్ని వాక్యాలకూ ఒకే దస్తూరి.

మరి దిద్దే హక్కు ఎవరిది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ చూడండి. దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, వరుసల మధ్య చేర్పులు ఉండి, వాటి దగ్గర రాసిచ్చినవారి సంతకం లేకపోతే రిజిస్ట్రారు ఆ కాగితం పుచ్చుకోనక్కర్లేదు. పనిముట్టు చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి నమూనా ఉందనుకోను: పాత మాట గీత కింద కనపడాలి, కొట్టిందెవరో, ఎప్పుడో పక్కన ఉండాలి.

ఊరకుండుము: స్పష్టము.

శుద్ధప్రతి. “యజమానిది మార్టూరు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. పాత కాగితాల్లో గుంటూరు, ఒంగోలు, ప్రకాశం అని ఉండవచ్చు. మద్దతు ధర రాసిపెట్టుకోరాదు, అడిగినప్పుడల్లా చూసి చెప్పాలి. మిర్చి వేయనని 2025 ఫిబ్రవరిలో అన్నారు. జూన్‌లో మళ్లీ అడగాలి.”