ఎవరి బాణీ, ఎవరి హక్కు?

మా రోజుల్లో స్కాట్లండ్ పాత ఫిడేలు పుస్తకం కావాలంటే ఎడిన్‌బరా వెళ్లాల్సిందే. నేషనల్ లైబ్రరీలో పాత ప్రతుల దగ్గరికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ 1784లో వేసిన మొదటి సంపుటం ముందు పెట్టుకుని స్ట్రాత్‌స్పేలు అనే నాట్య బాణీలు ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కించుకునేవాళ్లం. పొట్టి స్వరం ముందొచ్చి పొడుగు స్వరం మీద విరుచుకుపడే ఆ విరుపు ఉంది చూశారూ, అది ఒక్కచోట తప్పు రాసుకుంటే ఆడేవాళ్ల అడుగు తడబడుతుంది. అందుకే రాస్తుండగానే సగం పాఠం వచ్చేసేది. అడిగినవాళ్లకల్లా ఆ కాగితాలు ఇచ్చేవాళ్లం, కింద బాణీ కట్టినవాడి పేరు రాసి మరీ.

ఇప్పుడా లైబ్రరీవాళ్లే గ్లెన్ సేకరణ అనే పాత సంగీత పుస్తకాల గుట్టను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టారు. వాళ్లకు దండం పెట్టాలి. ఒళ్లు మండేది తర్వాతి తంతుకే. అవే పేజీలు దించుకుని, కొత్త అట్ట తొడిగి, ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని వేసి అమ్ముతున్నారు. ఏం హక్కులండీ? గౌ పోయింది 1807లో. 1927లో పోయిన ఫిడేలు విద్వాంసుడు స్కాట్ స్కినర్ బాణీలకైతే, 1996లో బ్రిటన్‌లో మరణం తర్వాతి గడువు యాభై నుంచి డెబ్భై ఏళ్లకు పెంచినప్పుడు కాపీరైట్ మళ్లీ ప్రాణం పోసుకుంది. 1997తో అదీ తీరిపోయింది. అచ్చు అమరికకు బ్రిటన్ చట్టం 25 ఏళ్లు ఇస్తుంది, నిజమే. అది కొత్తగా కూర్చినవాళ్లకు, పాత పేజీని ఫొటో తీసినవాళ్లకు కాదు.

తప్పులు దిద్ది, చెల్లో కోసం వేసిన బేస్ వరస సరిచూసి, వాయించడానికి పనికొచ్చే ప్రతి తయారుచేసినవాళ్ల సంగతి వేరు. ఫ్రెంచ్ స్వరకర్త లలాండ్ సంగీతానికి అలాంటి ప్రతి సిద్ధంచేసిన సంగీత పరిశోధకుడు సాకిన్స్‌కు 2005లో అప్పీలు కోర్టు హక్కు ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సిందే, అది చాకిరీ.

ఇంకో విడ్డూరం. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరో సొంత బాణీలు రాసిపెట్టుకున్న నోటుపుస్తకం 1989 దాకా అచ్చు కాకుండా ఉండిపోతే, బ్రిటన్ చట్టం ప్రకారం దానికి 2039 చివరిదాకా కాపీరైట్! వారసులెవరో దేవుడికెరుక.

పూర్వులంతా పెద్దమనుషులని నేననను. ఫిడేలు బాణీలు కట్టిన విలియం మార్షల్ బాణీలు కొన్నిటికి గౌ కుటుంబంవాళ్లు పేర్లు మార్చి, ఆయన ఊసెత్తకుండా వేసుకున్నారు. 1822లో తన సంపుటం వేస్తూ మార్షల్ ఆ బాధ చెప్పుకున్నాడు. ఇప్పటి పుస్తకాల్లో అదే మార్షల్ బాణీ కింద ‘సంప్రదాయం’ అని కనబడితే నాకు కడుపు రగిలిపోతుంది. కాపీరైట్ తీరిందంటే డబ్బు కట్టక్కర్లేదని అర్థం, పేరు కొట్టేయమని కాదు.

వేయండి, అమ్ముకోండి. ఆ హక్కుల లైను మాత్రం తీసేసి, ఆ చోట బాణీ ఎవరిదో, ఏ ఏటి ముద్రణో, ఏ లైబ్రరీ ప్రతి నుంచి తీశారో రాయండి.