వచ్చేస్తున్నాడట, ఎవరైనా ఆపండి!

పిల్లవాణ్ణి అమెరికా పంపించడం ఎలాగో ఖమ్మం జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. చదువు అప్పు ఎక్కడ తేలిగ్గా పుడుతుందో, పొలం ఏ నెలలో బేరం పెడితే ధర పలుకుతుందో, ఆవకాయ సీసా సూట్‌కేసులో కారకుండా ఎన్ని కవర్లు చుట్టాలో చెప్పడానికి వీధికొక నిపుణుడున్నాడు. వీసాకైతే దేవుడే ఉన్నాడు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, స్టాంపు పడ్డాక వెళ్ళి 108 తిరిగి రావడం. అంతవరకూ ఏర్పాట్లన్నీ బ్రహ్మాండం. మరి వెళ్ళినవాడు తనంతట తాను ఇంటికొచ్చేస్తానంటే? దానికి కన్సల్టెన్సీ లేదు, కోచింగు లేదు, మొక్కుకుందామంటే దేవుడూ లేడు. అక్కడున్నవాళ్ళకి తానా ఉంది, ఆటా ఉంది, నాట్స్ ఉంది. 1977 నుంచీ సభలు జరుపుకుంటున్నారు, శాలువాలు కప్పుకుంటున్నారు. తిరిగొచ్చేసినవాళ్ళ తల్లిదండ్రులకి శాలువా మాట దేవుడెరుగు, ఓదార్చే సంఘం కూడా లేదు. అందుచేత ముదిగొండ మండల వాస్తవ్యుణ్ణి, ఒకే ఒక్క కొడుకున్న తండ్రిని అయిన నేను ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను.

ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తున్నావేమిటని మా ఆవిడ అంటోంది. ఫిర్యాదు చేసుకోవడం మా గాలిలోనే ఉంది. పక్క మండలం నేలకొండపల్లి, రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడి, సీతమ్మకి ఏ నగ చేయించిందీ, రాముడి తమ్ముళ్ళకి ఏమేం పెట్టిందీ వరసగా ఏకరువు పెట్టిన మహానుభావుడు. దేవుడికే పద్దు చదివి వినిపించిన నేల ఇది. ఇక్కడ కొడుక్కి పద్దు వినిపించడం ఒక తప్పా? తేడా అల్లా ఒక్కటే. ఆయన బాకీ తీర్చడానికి రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు రాత్రికి రాత్రి తానీషా దగ్గరికి వెళ్ళారని చెబుతారు. నా బాకీ తీర్చాల్సినవాడు డాలర్ల జీతం వదిలేసి విమానం టిక్కెట్లు వెతుక్కున్నాడు.

మొదటి అభియోగం పెళ్ళి గురించి. పిల్ల సత్తుపల్లి వైపుది, ఉద్యోగం మావాడున్న డల్లాస్‌లోనే. వాళ్ళిద్దరే చూసుకున్నారు, వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మాకూ అభ్యంతరం లేదు, వెతికే శ్రమ తప్పింది. కాని ఒకనాడు ఫోనుకి ఫొటో వచ్చింది. మావాడు బూట్లతో, పిల్ల పట్టుచీరతో, మధ్యలో నల్లకోటు జడ్జి, వెనక అమెరికా జెండా. ఇన్సూరెన్సు పని కోసం ముందు రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారట. మా ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, ఫొటో పెద్దది చేసి చూసి, “తాళిబొట్టు ఏదిరా?” అని అడిగింది. “అది అసలు పెళ్ళికమ్మా, ఇది కాయితం పెళ్ళి” అన్నాడు. భద్రాచలం కల్యాణంలో సీతమ్మకి జనకుడి తరఫున ఒకటి, దశరథుడి తరఫున ఒకటి, రామదాసు చేయించింది ఒకటి, మొత్తం మూడు సూత్రాలు కడతారు. అలాంటి ఉమ్మడి జిల్లాలో పుట్టి, ఒక్కటి కూడా లేకుండా పని కానిచ్చాడు. పైగా టెక్సాస్‌లో లైసెన్సు చేతికొచ్చాక 72 గంటలు ఆగితేగాని పెళ్ళి చేయరట. మూడు రోజులు ఆలోచించుకునే గడువిస్తే మా ఊళ్ళో సగం పందిళ్ళు లేచేవి కావు. ఆ గడువు కూడా తట్టుకుని నిలబడ్డారంటే వాళ్ళది మొండి నిర్ణయమని నాకప్పుడే అర్థం కావలసింది.

తర్వాత అసలు పెళ్ళి ఇక్కడ, శ్రీరామనవమి వెళ్ళాక పెట్టుకున్నాం. ఇప్పుడు భద్రాద్రి తలంబ్రాలు ఆర్టీసీ కార్గోలో బుక్ చేసుకుంటే ఇంటికే వస్తున్నాయి. అవి వచ్చాయి, పిల్లలు వచ్చారు, పిల్ల తండ్రి, అంటే మా సత్తుపల్లి బావగారు, బస్సు నిండా చుట్టాల్ని తెచ్చారు. ముహూర్తం తెల్లవారుజామున. కొడుకు పీటల మీద కూర్చుని నిద్రకి తూలుతుంటే టైము తేడా అన్నారు జనం, గౌరవంగా. ఆ గౌరవం అదే ఆఖరు. మర్నాడు బువ్వబంతిలో మావాడు, పక్కన కోడలుపిల్ల, ఇద్దరూ నవ్వుతూ చెప్పారు: సామాను సర్దుకుని ఇంటికొచ్చేస్తున్నామని. బావగారు చేతిలో ఉన్న లడ్డూ విస్తట్లో పెట్టేశారు.

ఆయన్ని తప్పుపట్టను. మా ఖమ్మం మిర్చి యార్డులో జెండా పాట అని ఒకటుంది. యార్డు మొత్తంలో నిగనిగలాడే తేజ మిర్చి లాటు ఒకటి చూసి, దాని ముందు జెండా పట్టుకుని పై ధర పాడతారు. పేపర్లో ఆ ధరే వస్తుంది. అది చదివి బస్తాలేసుకుని వచ్చిన మిగతా రైతులకి తేమ ఉందని, తాలు ఉందని ఎంత తగ్గిస్తారో వాళ్ళ కడుపుకే తెలుసు. డాలర్ల అల్లుడంటే బావగారికి జెండా పాట. ఇంటికి తీరా చేరాక సరుకు మామూలు ధరకి తేలింది. ఆయన పైకి ఏమీ అనలేదు. “వాతావరణం పడలేదేమో” అన్నారు. పెళ్ళికొచ్చిన చుట్టాలకి కూడా అదే చెప్పమన్నారు.

రెండో అభియోగం నా పరువు గురించి. మావాడు వెళ్ళిన దగ్గర్నుంచీ నేను ‘అమెరికా అబ్బాయి నాన్న’ని. పెళ్ళిళ్ళలో ముందు వరస, గుడి కమిటీలో పేరు, బ్యాంకులో అడక్కముందే కుర్చీ. ఎన్ఆర్ఈ డిపాజిట్టుకి ఉన్న మహిమ అది. ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గర ఆగినా ఒకటే పరామర్శ. “ఏంది బావా, మనోణ్ణి పంపించేశారంటగా?” పంపించలేదు, వాడే వచ్చేశాడని చెబితే జాలిగా తలూపుతారు. వాళ్ళూ పేపరు చదువుతున్నారు మరి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లని ట్రంప్ సంతకం పెట్టాడు. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా ఖాతాలు కూడా గాలిస్తామన్నారు. స్టాంపింగు తేదీలు నెలల తరబడి వెనక్కిపోయి, పెళ్ళికనీ పేరంటానికనీ వచ్చినవాళ్ళు ఎందరో ఇక్కడే చిక్కుబడిపోయారు. మావాడికి అలాంటి తంటా ఏమీ లేదు మొర్రో అంటే వినేదెవరు? వీసా పోయి వచ్చాడంటే అర్థం చేసుకుంటారు. ఉద్యోగం పోయి వచ్చాడంటే అయ్యో పాపం అంటారు. అన్నీ ఉండి వచ్చాడంటే మాత్రం ఏదో దాస్తున్నామని నమ్మకం. చివరికి నేనే విసిగి, “అవునయ్యా, పంపించేశారు” అని ఒకరిద్దరితో ఒప్పేసుకున్నాను. అప్పుడుగాని వాళ్ళ మనసు కుదుటపడలేదు.

మూడో అభియోగం సామాను. వెళ్ళేటప్పుడు రెండు సూట్‌కేసులు, తలా 23 కిలోలు. వచ్చేటప్పుడు ఓడ మీద పెట్టెలు. వాటిల్లో ముందుగా విప్పింది ఒక పిండి కలిపే మిషను. ఎర్రగా, బరువుగా, గుడి గంటంత నునుపుగా ఉంది. మా ఆవిడ ముచ్చటపడి ప్లగ్గు పెట్టబోతే కోడలుపిల్ల పరుగెత్తుకొచ్చి, “అత్తమ్మా, కాలిపోద్ది!” అని చెయ్యి పట్టుకుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. దానికని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాం. ఇనప డబ్బా, పైన మోసే పిడి, స్విచ్ వేస్తే ‘గుంయ్’ మని ఒకటే రొద. పూరీ పిండి కలపాలంటే ముందు దాన్ని ఇద్దరం పట్టుకుని గట్టు మీదకి ఎక్కించాలి. దాన్ని ఎక్కించేలోపు మా ఆవిడ పళ్ళెంలో పిండి కలిపేసి, పూరీలు వత్తేసి, పొయ్యి కూడా ఆర్పేస్తోంది. మిషను మీద ప్రస్తుతం ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం.

బంగారం కథ ఇంకోటి. ఏడాది దాటి బయటున్నవాళ్ళలో మగవాడికి 20 గ్రాములు, ఆడపిల్లకి 40 గ్రాముల నగలు సుంకం లేకుండా వదులుతారు. వెళ్ళేటప్పుడు ఇక్కడి నుంచి మనమే పెట్టి పంపిన నగలు వచ్చేటప్పుడు మనవేనని నిరూపించుకోవడానికి బావగారు పాత రశీదులన్నీ వెతికారు. మధ్యలో పన్ను సంగతి అడిగితే, తిరిగొచ్చినవాళ్ళని ఆదాయపు పన్ను వాళ్ళు కొన్నేళ్ళు ఉండీ లేనట్టే లెక్కేస్తారని మావాడు చెప్పాడు. ఆ లెక్క వాళ్ళకే గాని నాకు పనికిరాదు. ఉన్నవాడు ఉన్నట్టే మూడు పూటలా తింటాడు.

నాలుగోది ఇల్లు. పడమటి గది గోడ పగలగొట్టి కమోడ్ పెట్టించాడు, మేడ మీద ఇన్వర్టరు, దూలానికి వైఫై డబ్బా. మా ఎర్ర బర్రె ఆ డబ్బా దీపం కేసి చూస్తూ పాలు చేపడం మానేసిందని మా ఆవిడ అనుమానం. ఖమ్మంలో 2020లో ఐటీ హబ్ తెరిచారుగా, అందులో పని చేసుకుంటూ ఊళ్ళోనే ఉంటామంటున్నారు ఇద్దరూ. డల్లాస్‌లో ఆఫీసుకి గంట ప్రయాణమట, ఇక్కడ అంతకంటే తక్కువేనట. ఆ మాట అన్నాక నెమ్మదిగా అడిగాడు: “నాన్నా, కాల్వ కింద పొలం ఇంకా ఎంతుంది?”

ఈ ఒక్క ప్రశ్న మాత్రం నేను హాస్యానికి తీసుకోలేకపోయాను. సాగర్ ఎడమ కాలువ కింద ఎకరం అమ్మితేగాని వాడు విమానం ఎక్కలేదు. భూమి కావాలని, ఇళ్ళ జాగాలు కావాలని అడిగినందుకు 2007 జులై 28న ఏడుగురు పోలీసు తూటాలకి ఒరిగిన ఊరు మాది. ఇక్కడ భూమి అమ్ముకున్నవాణ్ణి చూసి ఎవరూ కన్నీళ్ళు పెట్టరు, పెట్టకూడదు కూడా. ఆ ఎకరం ఇప్పుడు కొనాలంటే వాడు అక్కడ కూడబెట్టిందంతా ఊడ్చిపెట్టాలి. అంటే భూమి అమ్మి అమెరికా వెళ్ళి, అంత కష్టపడి, అదే భూమి కొనుక్కోవడానికి రావడమన్నమాట. ఈ వ్యాపారంలో లాభపడ్డది విమానం కంపెనీలు.

కాబట్టి ప్రభుత్వం వారికీ, పెద్దలకీ నా కోరికలివి. తిరిగొచ్చినవాళ్ళ తండ్రులకి కనీసం ఏడాదిపాటు పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ కొనసాగించాలి. వీసా దేవుడికి జోడీగా రాకడ దేవుణ్ణి ఒకణ్ణి ఎక్కడైనా ప్రతిష్ఠించాలి, ప్రదక్షిణలు తక్కువ పెడితే మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మేలు. ఇక, మావాడు ఎదురైతే చాలు “మళ్ళీ ఎప్పుడెళ్తావురా?” అని అడిగే ప్రతి మనిషి దగ్గరా గ్రామ పంచాయతీ పది రూపాయలు ముక్కుపిండి వసూలు చేయాలి. ఆరు నెలలు తిరక్కుండా ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు వచ్చేస్తుంది, ఏడాది తిరిగేసరికి ఆ ఎకరం కొనేస్తాను.