తాతగారి జావాను చంపే పద్ధతి

చింతామణి, బాగేపల్లి, గౌరిబిదనూరు పల్లెల్లో పశువుల కొట్టం వెనక పాత జావా దొరికిన ప్రతి యువకుడికీ నా అభినందనలు. బండి చిక్కింది, ఇక చంపడమే తరువాయి. అయితే అదంత తేలికని అనుకోకండి. మైసూరు ఐడియల్ జావా కర్మాగారంలో 1961లో మొదలైన వంశం అది. మీ తాత దాని మీద వేరుశనగ మూటలు వేసుకుని సంతకు పోయాడు. వెనక సీటులో మీ అవ్వ, ట్యాంకు మీద మీ నాయన, ఇద్దరి మధ్యా ఒక మేకపిల్ల. పెట్రోల్లో ఆయిలు ఎక్కువైతే పొగ వదిలింది, తక్కువైతే గొణిగింది, చావలేదు. 1996లో ఫ్యాక్టరీయే మూతపడింది, ఇది పడలేదు. ఇంతటి మొండిఘటాన్ని మట్టుబెట్టాలంటే చేతినిండా డబ్బు, బుర్రనిండా ఉత్సాహం ఉండాలి.

డబ్బుకేం లోటు? 2008లో దేవనహళ్ళిలో విమానాలు దిగడం మొదలయ్యాక ఇటువైపు రాగిచేలు కూడా సైట్లయ్యాయి. ఉత్సాహం ఫోన్లో వీడియోలు పోస్తున్నాయి. మిగిలింది విధానమే కాబట్టి, వినండి.

మొట్టమొదట చేయాల్సింది పాత మేస్త్రిని తప్పించడం. ఆయన ఉంటే బండి బతుకుతుంది. చింతామణిలో అలాంటి భాయ్ ఒకాయన కొట్టు ముందు నిలబడి నేను చూసిన సంగతి చెబుతాను. ఏళ్ళ తరబడి మూలపడిన జావాను ఒక కుర్రాడు ఆటోలో వేసుకొచ్చాడు. ముసలాయన తొందరపడి కిక్కు కొట్టలేదు. ప్లగ్గు విప్పి, ఆ బొక్కలో కాస్త ఆయిలు పోసి, ఇంజను పట్టేసిందేమోనని కిక్కు రాడ్డును చేత్తో మెల్లగా తోసి చూశాడు. తిరిగింది. మూత తీసి పాయింట్లను ఎమెరీ కాగితంతో రుద్దాడు. ఫీలర్ గేజీ పెట్టి 0.4 మిల్లీమీటరు సందు చూసుకున్నాడు. కార్బొరేటరు విప్పి జెట్టును ఊదాడు. ట్యాంకులో తుప్పునీళ్ళు వంపేసి కొత్త పెట్రోలు, ఆయిలు కలిపి పోశాడు. రెండో కిక్కుకు స్టార్టయింది. కుర్రాడి మొహం మాత్రం మాడిపోయింది.

"ఇంతేనా భాయ్? ఇంజను ఇప్పల్యా?"

"బాగుండేదాన్ని ఎందుకు ఇప్పేదప్పా? క్రాంకు సీళ్ళు మాత్రం మార్పించుకో, గాలి పీలుస్తాండాయి. బ్రేకు లైనింగు కూడా."

సీళ్ళట! లైనింగట! అవి మార్చినట్టు ఎవరికి కనపడుతుంది? ఫొటో తీస్తే ఒక్క లైకైనా వస్తుందా? కుర్రాడు బండిని నేరుగా బెంగళూరు తీసుకెళ్ళి, గాజు తలుపులూ కాఫీ మిషనూ ఉన్న ఒక వర్క్‌షాపులో చేర్పించాడు. అక్కడ స్పానరు పట్టుకున్నవాడికంటే కెమెరా పట్టుకున్నవాళ్ళు ఎక్కువ. పేరు చెప్పను, అలాంటివి వీధికొకటి ఉన్నాయి.

రెండో ఘట్టం సైలెన్సరు. ఇది హత్యాకాండలో ముఖ్యాంకం, దీని దగ్గర తొందరపడకండి. జావాకు రెండు సైలెన్సర్లు, వాటి లోపల బఫిళ్ళు. అవి శబ్దాన్ని మింగడానికే ఉన్నాయని మీరనుకుంటారు, పీకేస్తారు. మంచిది. టూ స్ట్రోకు ఇంజనులో పొగ బయటికి పోయేటప్పుడు సైలెన్సరు లోపల ఎదురొత్తిడి పుడుతుంది. పొగతోపాటు జారిపోబోయే తాజా పెట్రోలు ఆవిరిని ఆ ఒత్తిడే మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. బఫిలు పోయిందా, ఎత్తు ఎక్కేటప్పుడు లాగే బలం పోయినట్టే. శబ్దం నందికొండదాకా వినపడుతుంది, బండి మాత్రం కొండ మొదట్లోనే రొప్పుతుంది.

అంతటితో ఆగితే మీరు అరకొర హంతకులు. ఎయిర్ ఫిల్టరు కూడా పీకి చిల్లుల బుడ్డి ఒకటి తగిలించండి. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. జావాలో ఆయిలు విడిగా రాదు, పెట్రోల్లో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, ఇంజను కాగుతుంది, నంది మలుపుల్లో ఎక్కడో పిస్టను సిలిండరును కావిలించుకుని ఆగిపోతుంది. ప్లగ్గు విప్పి చూడండి. కాఫీ పొడి రంగులో ఉంటే అంతా సవ్యమే, నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ. తెల్లగా కనపడిందా, బోరింగు లేతు దగ్గర మీ పేరు రాయించుకోండి. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచితే ఈ చావు తప్పేది. చింతామణి భాయ్ ఈ ముక్క ఊరికే చెప్పేవాడు. ఊరికే చెప్పిన మాటకు విలువుండదు గదా, అందుకే మీరు వినలేదు.

శబ్దం సంగతి వచ్చింది కాబట్టి గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థలో ఆదివారాల సందడి గురించి చెప్పాలి. కొత్త బండికి పూజ చేయించడానికి జనం వస్తారు, రావాల్సిందే. పాత బండిని కొత్తదిగా మార్చినవాళ్ళూ వస్తున్నారు. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో కూలింది. నాగరాళ్ళు మాత్రం వరసలు వరసలుగా ఉన్నాయి, కొన్నింటి పడగలు అరిగి నున్నబడ్డాయి. వాటికి ఇంకా ఎవరూ క్రోమియం పూయించలేదు, దేవుడి దయ. దండం పెట్టుకుని, నిమ్మకాయ తొక్కించి, బయటికొచ్చి మనవాళ్ళు చేసే విన్యాసం ఒకటుంది. బండి పరుగులో ఉండగా తాళంచెవి ఆపి, వెంటనే తిప్పుతారు. మండని పెట్రోలు సైలెన్సరులో చేరి ఒక్కసారిగా పేలుతుంది. ఢమాల్! పిల్లలు ఏడుస్తారు, కుక్కలు పారిపోతాయి, వెనకున్నవాడు వీడియో తీస్తాడు.

ఇదే చోట 1938 ఏప్రిల్ 25న నిషేధాన్ని లెక్కచేయక జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద మైసూరు సంస్థాన పోలీసులు కాల్పులు జరిపారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దీన్నే అంటారు. ఆ కాల్పుల్లో ప్రాణాలు విడిచినవాళ్ళకోసం కట్టిన వీరసౌధ ముందే ఈ ఢమాల్ ఢమాల్. తుపాకీ మోతకు జనం చచ్చిన నేల మీద తుపాకీ మోత మోగించి, ట్యాంకు మీద మూడు రంగుల స్టిక్కరు అంటించుకున్నవాడి దేశభక్తికి నేను నివ్వెరపోతాను.

ఆర్‌ఎక్స్ 100 వాళ్ళు అలిగేలోగా వాళ్ళ సంగతీ చూద్దాం. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, వంద సీసీ కూడా నిండదు, ఈ కర్ణాటకలో దానికున్న గిరాకీ బంగారానికి లేదు. కాబట్టి ఒకదాని ఆర్సీ, ఇంకొకదాని ఇంజను, గుజరీ నుంచి మూడోదాని చాసీ, జేసీ రోడ్డు నుంచి కొత్త ట్యాంకు కలిపి "స్టాక్ కండిషన్, సింగిల్ ఓనర్" అని అమ్ముతారు. దాంట్లో యమహావాడు ఆయిలుకు వేరే ట్యాంకు, వేరే పంపు పెట్టాడు, ఎంత కావాలో అంతే పోయడానికి. మనవాళ్ళు ముందు ఆ పంపును మూసేసి చేత్తో కలపడం మొదలుపెడతారు. జపాను ఇంజనీరు కంటే తమ చేతి కొలత మీద అంత నమ్మకం.

కార్లవాళ్ళకు ఒక్క మాట. చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య, మనదేశంలో మోటారు కార్లు తయారు కావాలని 1930లలో పథకం వేసి, దానికోసం విదేశాలు తిరిగాడు. ఆ తలపును వాల్‌చంద్ హీరాచంద్ అందుకుని 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. అక్కడినుంచి వచ్చిందే పద్మిని. ఇప్పుడు ముద్దేనహళ్ళి మీదుగా పోయే ఒక పద్మినికి మారుతి ఇంజను బిగించి, స్టీరింగు పక్కనున్న గేరును కోసి కిందికి దించి, స్ప్రింగులు కత్తిరించి నేలకు ఆనించారు. మన ఊళ్ళ స్పీడు బ్రేకర్ల మీద దాని పొట్ట గీసుకునే చప్పుడు వినాలి.

చట్టం ఊరుకుంటుందా అంటారా? 2019 సవరణ ప్రకారం ఇష్టమొచ్చినట్టు బండిని మార్చిన యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బఫిలు, హ్యాండిలు, లావు టైరు, అన్నీ లెక్కేస్తే వర్క్‌షాపు బిల్లుతో పోటీపడుతుంది. అదే సంవత్సరం జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని తేల్చింది. యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ లేని బండికి 2021 నుంచి వింటేజ్ నంబరు ఇస్తున్నారు, 20,000 కట్టాలి, రోజూ తిప్పకూడదు. మార్పులు లేకుండా అన్నారు చూశారూ, అక్కడే మీ జావా పోయింది.

దానికంటే ఘోరం ఇంకొకటి. ఇసుక పోటుతో చాసీని తోమించి దళసరిగా పౌడర్ కోటింగు వేయిస్తారు. కింద చాసీ నంబరు మునిగిపోతుంది. ఆర్టీఓ ఆఫీసులో రీ-రిజిస్ట్రేషనుకు ఇన్‌స్పెక్టరు టార్చి పట్టుకుని వంగి వెతుకుతాడు. మెరుపు కనపడుతుంది, నంబరు కనపడదు. ఆర్సీలో మీ తాత పేరు, బండి మీద ఏమీ లేదు. ఇక అది బండి కాదు, బరువైన బొమ్మ. రంగు వేయించేముందు ఆ నంబరు మీద టేపు ముక్క ఒకటి అంటించి ఉంటే చాలు.

చంపడానికి చేతులు రాని పిరికివాళ్ళూ కొందరుంటారు. వాళ్ళు టైర్లు మార్చుకోవచ్చు, 3.25 బై 16 సైజులోనే. బ్రేకు లైనింగు, వైరింగు, సీళ్ళు, కేబుళ్ళు, చెయిను, ఇవన్నీ తప్పక మార్చాలి. ముప్పై ఏళ్ళ నాటి బ్రేకుతో నేషనల్ హైవే 44 ఎక్కడం భక్తి కాదు, ఆత్మహత్య. ట్యాంకు మీద తాత మోకాలు ఆనిన చోట వన్నె తగ్గిన రంగును మాత్రం అలాగే వదిలేయండి.

మిగిలిన వీరులకు ఒక విన్నపం. మీ బండి అమ్మకానికి పెట్టినప్పుడు నాకు ఫోన్ చేయకండి. పీకి మూలన పారేసిన పాత బఫిళ్ళు, ఎయిర్ ఫిల్టరు డబ్బా ఇంకా గుజరీకి వేయకుండా ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, అడిగినంత ఇచ్చి కొనుక్కుంటాను.