నాణ్యమెంచువాని పద్యం: మాదాపూరు వ్యాఖ్య

మూలం

వరుస వరుస వెదకి వట్టి గళ్ళను పట్టి
జంట పేర్ల గోసి జాడ చెరిపి
తేది దిద్దువాడు తేది దిద్దగ లేడు
నాణ్యమెంచువాని నౌకరీకి.

అవతారిక: మాదాపూరులో ఓ అద్దాల మేడలో కాంట్రాక్టు మీద పనిచేసే డేటా క్వాలిటీ ఎనలిస్టు, "పొడిగింపు పరిశీలనలో ఉంది" అన్న మెయిలు చదివి చెప్పుకున్న ఆటవెలది. రసం కరుణ, కాఫీ మెషీను దగ్గర మాత్రం హాస్యం.

టీక: వరుస వరుస = ఎక్సెల్ షీటులోని ప్రతి అడ్డువరుసను (షీటుకు 10,48,576 గనుక ద్విరుక్తి సార్థకం); వట్టి గళ్ళను = ఏమీ నింపని గళ్ళను, చుక్క పెట్టి నింపామన్నవాటిని కూడా; జంట పేర్ల = ఒకే మనిషికి రెండుసార్లు పడ్డ నమోదులను; గోసి = తీసేసి; జాడ చెరిపి = ఇది కవి అతిశయోక్తి, ఆడిట్ వారు చెరపనివ్వరు; తేది దిద్దగ లేడు = తన కాంట్రాక్టు ముగిసే తేదీని దిద్దుకోలేడు. "తన" అన్న మాట మూలంలో లేదు. ఖాళీలు పట్టేవాడి పద్యంలోనూ ఓ ఖాళీ గడి.

విశేషం: జంట పేర్లు కోయడం తెలుగువారి జాబితాల్లో కత్తిమీద సాము. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. సుబ్బారావు ఒక్కడా ముగ్గురా? తేదీల సంగతి మరీ ఘోరం. బళ్ళో చేర్చుకున్న పంతులుగారు వేసిన జూన్ పుట్టినరోజులు వేలాదిగా వచ్చిపడితే తప్పనాలా, దేశాచారమనాలా? ఎక్సెల్ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 కూడా ఉంది, పంచాంగంలో లేదు. పాత లోటస్ 1-2-3తో పొత్తు కుదరాలని మైక్రోసాఫ్ట్ ఆ తప్పును అలాగే ఉంచింది. "మార్చ్1" అనే జన్యువును అదే ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మార్చేస్తుంటే, 2020లో నామకరణ సంఘంవారు జన్యువు పేరే మార్చుకున్నారు. పెద్దల తప్పు జోలికి పోకుండా చిన్నవారిని సర్దుకోమనడం ఈ శాస్త్రంలోనూ సంప్రదాయమే.

తాత్పర్యం: కూర్చునే కంపెనీలో గుర్తింపు కార్డు, జీతమిచ్చే కంపెనీలో ఉద్యోగి నంబరు. తాను రాసిన నియమం ప్రకారం ఇతడే జంట పేరు. ఏది ఉంచాలో, ఏది కోయాలో చెప్పేది మాత్రం ఇతడు కాదు.

పాఠాంతరం: "దిద్దగ వచ్చు" అని కొన్ని ప్రతుల్లో ఉంది. అవి పర్మినెంటైనవారి ప్రతులు గనుక ప్రక్షిప్తం. గణాలు సరిపోయాయి, మేనేజరు ఆమోదమే లేదు.