ఈగల కాలం: ఒక బీచ్ గుర్రం ఆత్మకథ

ఈ ఆత్మకథ గుర్రానిదే అయినా ఇందులో సగం ఈగల చరిత్ర. చెప్పుకుంటున్నది విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే తొమ్మిదేళ్ల తెల్ల గుర్రం. 'నేను' అనుకునే అలవాటు దానికి లేదు. యజమాని 'ఈ గుర్రం' అంటాడు కాబట్టి ఇక్కడా అదే మాట.

ఈ గుర్రం పుట్టింది పాడేరు వైపు మన్యంలో. జీపు ఎక్కలేని కొండదారుల్లో సంతకు సరుకు మోసేవి అక్కడి పొట్టి గుర్రాలే. తల్లి వెంట తిరిగిన రోజుల్లో ఈ గుర్రం నేర్చిన మొదటి విద్య ఈగల్ని తోలుకోవడం. గుర్రం చర్మం కింద పలచని కండర పొర ఒకటి ఉంటుంది. భుజం మీదో డొక్క మీదో ఈగ వాలితే ఆ చోట చర్మం జలదరించి దాన్ని లేపుతుంది. వెనక భాగాన్ని తోక, కళ్లను ముంగురులు, మెడను జూలు కాచుకుంటాయి. రెండు గుర్రాలు ఒకదాని తల దగ్గర మరొకదాని తోక వచ్చేలా పక్కపక్కన నిలబడితే ఒకదాని తోక రెండోదాని మొహానికి విసనకర్ర అవుతుంది. అందం కోసం తోక, జూలు కురచగా కత్తిరించిన గుర్రానికి ఈ కాపుదల ఉండదు. ఒంటరిగా కట్టేసిన గుర్రానికి సగమే ఉంటుంది.

పట్నం వచ్చాక ఈ గుర్రం పని సాయంత్రాలకు మారింది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పరిసరాల్లో ఇసుక మీద రానూపోనూ తిరగడం, ఆదివారం ఉక్కునగరం నుంచి, పోర్టు క్వార్టర్ల నుంచి కుటుంబాలు వస్తే ఇంకాస్త ఎక్కువ తిరగడం. పని లేనప్పుడు జీను, కళ్లెం విప్పి, జాలరి పేట వెనక ఖాళీ స్థలంలో పొడవాటి పగ్గంతో వదిలేస్తారు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల ప్రకారం, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు వాటి చేత పని చేయించకూడదు. గుర్రానికి అది విశ్రాంతి సమయం, ఈగలకు భోజన సమయం.

ఆ భోజనానికి వచ్చేవి నాలుగు రకాలు. మొదటిది ఇంటి ఈగ. ఇది కుట్టదు. కంటి నీరు, చీమిడి, పుండు రసం నాకుతుంది. చెత్తకుప్ప మీద, చేపల వ్యర్థాల మీద వాలిన కాళ్లతోనే కంటి మీద వాలుతుంది. గుర్రం కడుపులో ఉండే ఒక జాతి పురుగు పిల్లల్ని మోసుకొచ్చి కంటి మూలలో, పుండులో వదులుతుంది. అక్కడ మానని కురుపు లేస్తుంది. వేసవిలోనే ఎక్కువ కనబడుతుంది కాబట్టి దానికి వేసవి పుండు అని పేరు.

రెండోది కుట్టే ఈగ. చూపుకు ఇంటి ఈగలాగే ఉంటుంది గానీ మూతి ముందు సూదిలాంటి ముక్కు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. ఆడదీ మగదీ రెండూ రక్తం తాగుతాయి. ఎక్కువగా కాళ్ల మీదే వాలుతుంది. గుర్రం పొద్దస్తమానం కాళ్లు నేలకేసి కొడుతోందంటే కారణం సాధారణంగా ఇదే. ఆ కొట్టుడుకు లాడాలు వదులవుతాయి, గిట్టల అంచులు చిట్లుతాయి.

మూడోది జోరీగ. రక్తం తాగేది ఆడదే. చర్మాన్ని కోసి, కారిన రక్తం పీలుస్తుంది. మండుటెండ దీనికి ఇష్టం. చీకటి కొట్టంలోకి రావడానికి జంకుతుంది. నాలుగోవి నుసుములు. తెల్లవారుజామున, మునిమాపు వేళ జూలు మొదట్లో, తోక మొదట్లో కుడతాయి. ఆ కాటు ఒంటికి సరిపడని గుర్రాలు గోడకేసి రుద్దుకుని రుద్దుకుని వెంట్రుకలు పోగొట్టుకుంటాయి.

వీటితో నొప్పి ఒక్కటే కాదు, రోగం కూడా వస్తుంది. జోరీగలు, కుట్టే ఈగలు ఒక గుర్రం రక్తం మరో గుర్రానికి అంటించి సర్రా జ్వరం తెస్తాయి. ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. వైద్యం అందకపోతే సర్రా గుర్రాన్ని బతకనివ్వదు. 1960లో భారతదేశానికి వచ్చిన ఆఫ్రికా గుర్రపు రోగం వ్యాపించింది నుసుముల వల్లే.

నాలుగో వేసవిలో ఈ గుర్రం ఎడమ కంటి మూల ఎర్రబడింది. దుమ్ము పడిందనుకుని యజమాని నీళ్లతో కడిగి ఊరుకున్నాడు. పది రోజులకు అక్కడ కండ పెరిగి కురుపయింది. పశువుల డాక్టరు అది వేసవి పుండు అని తేల్చి, పుండు శుభ్రం చేసి, ఐవర్‌మెక్టిన్ ఇచ్చాడు. కన్ను దక్కింది, మచ్చ మిగిలింది. ఆ మచ్చ తరువాతే యజమాని ఈగల సంగతి వరసగా నేర్చుకున్నాడు.

మొదట కొన్నది మందు సీసా. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు సీసా మీద చెప్పిన పాళ్లలో నీళ్లు కలిపి గుడ్డతో ఒంటికి రాస్తే ఈగలు చస్తాయి. కళ్ల దగ్గర, పుండ్ల మీద రాయకూడదు. పిల్లులకు, చేపలకు అవి విషం. అందువల్ల మందు రాసిన గుర్రాన్ని సముద్రంలో కడగరాదు, మిగిలిన మందు కాలువలో పోయరాదు. వేప నూనె, కానుగ నూనె, నిమ్మగడ్డి నూనె కొన్ని గంటలు ఈగల్ని దూరంగా ఉంచుతాయి. విశాఖ ఉక్కపోతలో చెమట పడితే వాటి పని అయిపోతుంది. ఏ నూనైనా ముందు అరచేయంత చోట రాసి, మర్నాటికి దద్దుర్లు రాలేదని చూసుకున్నాకే ఒళ్లంతా రాయాలి. పల్లెల్లో వేసే వేపాకు పొగ ఆరుబయట, గాలివాటున పనికొస్తుంది. మూసిన కొట్టంలో వేస్తే ఈగల కంటే ముందు గుర్రానికే దగ్గు వస్తుంది.

తరువాత వచ్చింది ముసుగు. సన్నని వల గుడ్డతో కుట్టిన దీనిలోంచి గుర్రానికి దారి కనిపిస్తుంది, ఈగకు కన్ను అందదు. గుడ్డ కనురెప్పలకు తగలకుండా గూడులా నిలబడాలి. రోజూ రాత్రి తీసి, చెమట పోయేలా ఉతికి, కన్ను చూసుకుని మర్నాడు వేయాలి. ముసుగు లేనివారికి పాత ఉపాయం ఒకటి ఉంది. పెళ్లి ఊరేగింపులో గుర్రం నుదుట కట్టే కుచ్చులు తల ఆడించినప్పుడల్లా కళ్ల ముందు ఊగి ఈగల్ని లేపుతాయి.

ఒంటి రంగుకూ ఇందులో పాలుంది. ముదురు రంగు ఒంటి నుంచి వచ్చే మెరుపు జోరీగకు నీటి మెరుపులా తోస్తుంది, తెల్లటి ఒళ్లు అలా తోచదు. ఈ సంగతి తేల్చిన హంగరీ శాస్త్రవేత్తల బృందానికి 2016లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటన్‌లో గుర్రాలకు జీబ్రా చారల గుడ్డ కప్పి చూస్తే దాని మీద వాలే జోరీగలు బాగా తగ్గాయని 2019లో వెల్లడైంది. అదే ఏడాది జపాన్‌లో నల్ల ఆవులకు తెల్ల చారలు పూస్తే కుట్టే ఈగలు సుమారు సగానికి పడిపోయాయి.

కట్టే చోటు, వేళ మార్చడానికి ఖర్చు లేదు. మిట్టమధ్యాహ్నం చీకటి నీడలో ఉంచితే జోరీగ రాదు. సముద్రపు గాలి తగిలే మిట్ట మీద కడితే నుసుములు నిలవలేవు, అవి గాలికి ఎదురీదలేవు. మురుగు కాలువ, తుప్పలు దూరంగా ఉండాలి. రాత్రి బయట వదిలితే పగటి ఈగల బెడద తప్పుతుంది.

యజమాని చివర నేర్చుకున్నదే అన్నిటికంటే ముందు చేయాల్సింది: లద్దె ఎత్తడం. ఇంటి ఈగ ఒక్కో విడతకు నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. వేసవి వేడికి గుడ్డు వారం పది రోజుల్లో ఈగ అవుతుంది. కుట్టే ఈగ పిల్లలు పెరిగేది మూత్రంతో తడిసిన గడ్డిలో, లద్దెలో. ఒంటి మీది ఈగకు మందు రాసి, పక్కనే ఆ కుప్పను ఉంచితే రేపటి ఈగలకు మేత వేసినట్టే. లద్దె, తడి గడ్డి రోజూ తీసి దూరంగా పలచగా పరిచి ఎండబెట్టాలి. లేదా గోతిలో కుప్పవేసి పట్టా కప్పాలి. కుప్ప లోపలి వేడికి పురుగులు చస్తాయి, ఎరువు మిగులుతుంది.

కంటి నుంచి నీరు కారుతున్నా, పుండు మానకున్నా, జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తున్నా, కాళ్లకూ పొట్ట కిందా వాపు దిగినా అది డాక్టరు పని. మిగతాదంతా తట్ట, పార చేసే పని. కిందటి వేసవి మొత్తానికి యజమాని కొన్న మందు సీసా ఒక్కటే, అందులో సగం ఇంకా అటక మీద ఉంది.